గోల్ఫ్ జట్టును మింగిందెవరు?

అమెరికాలో ఏ యూనివర్సిటీ మగపిల్లల గోల్ఫ్ జట్టును ఎత్తేసినా మర్నాటికి తీర్పు సిద్ధంగా ఉంటుంది: ఆడపిల్లల జట్ల కోసం మగపిల్లల పొట్ట కొట్టారట. ఈ తీర్పు చెప్పడానికి ఏ పద్దూ తిరగేయనక్కర్లేదు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం పేరు తెలిస్తే సరిపోతుంది. పాత ఆటగాళ్లు, కోచ్‌లు, టీవీ వ్యాఖ్యాతలు, వారాంతాల్లో పిల్లల్ని టోర్నమెంట్లకు తిప్పే తల్లిదండ్రులు, అందరి నోటా అదే మాట. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ ఇది వినిపిస్తూనే ఉంటుంది. అమ్మాయి అయితే గోల్ఫ్ స్కాలర్‌షిప్ సులువు, అబ్బాయికే కష్టం, ఇదంతా ఆ చట్టం చేసిన నిర్వాకం అంటారు.

ఈ వాదానికి పైకి కనిపించే బలం ఉంది. 2024-25 దాకా అమెరికా కాలేజీ క్రీడల మొదటి శ్రేణిలో మహిళల గోల్ఫ్ జట్టుకు 6 స్కాలర్‌షిప్పుల పరిమితి ఉంటే, పురుషుల జట్టుకు నాలుగున్నరే. 1971-72లో కాలేజీ జట్లలో ఆడే అమ్మాయిలు 30 వేల మందికి లోపు. యాభై ఏళ్లు తిరిగేసరికి 2 లక్షలు దాటారు. అదే కాలంలో మగపిల్లల కుస్తీ, జిమ్నాస్టిక్స్ జట్లు ఎన్నో మూతపడ్డాయి, కొన్ని గోల్ఫ్ జట్లూ పోయాయి. ఒకటి పెరిగింది, ఇంకొకటి తగ్గింది కాబట్టి మొదటిది రెండోదాన్ని మింగిందని జనం తేల్చేశారు.

ఈ తేల్చడంలోనే మోసం ఉంది. మగపిల్లల గోల్ఫ్ జట్టు పోయిన చోట పద్దులు తెరిచి చూస్తే దోషి మహిళల జట్టని తేలడం అరుదు. ఇంకా చెప్పాలంటే, పోయిన పురుషుల జట్టు మళ్లీ బతికి బట్టకట్టిన ఒక ప్రసిద్ధ ఉదంతంలో దానికి ఊపిరి పోసింది మహిళల జట్టు చేతిలో ఉన్న ఆ చట్టమే.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1972 జూన్ 23న నిక్సన్ సంతకం చేసిన టైటిల్ నైన్‌లోని అసలు వాక్యం ఇంగ్లిషులో 37 మాటలు. అందులో గోల్ఫ్ లేదు, ఫుట్‌బాల్ లేదు, క్రీడల ఊసే లేదు. ఫెడరల్ ప్రభుత్వ సాయం అందుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడా మగా అన్న కారణంతో ఎవరినీ దూరం పెట్టకూడదు, వివక్ష చూపకూడదు అన్నదే దాని సారం. క్రీడలకు దీన్ని ఎలా వర్తింపజేయాలో 1979లో ప్రభుత్వం వివరణ ఇచ్చింది. యూనివర్సిటీకి మూడు దారులు చూపింది. విద్యార్థుల్లో ఆడా మగా ఏ నిష్పత్తిలో ఉన్నారో క్రీడాకారుల్లోనూ సుమారుగా అదే నిష్పత్తి ఉండటం ఒక దారి. తక్కువగా ఉన్న వర్గానికి అవకాశాలు క్రమంగా పెంచుతూ వస్తున్నామని చూపడం రెండో దారి. ఆ వర్గం ఆసక్తికీ సామర్థ్యానికీ తగినన్ని అవకాశాలు ఇప్పటికే ఇచ్చామని రుజువు చేయడం మూడో దారి. మూడింటిలో ఏ ఒక్కటి నెగ్గినా చాలు. మగపిల్లల జట్టును రద్దు చేయమని ఈ మూడింటిలో ఏదీ చెప్పదు.

మరి ఆచరణలో ఏం జరిగింది? అమెరికా పార్లమెంటుకు లెక్కలు చూసిపెట్టే జీఏఓ 2001లో ఒక నివేదిక ఇచ్చింది. 1992-93 నుంచి 1999-2000 దాకా కొత్తగా మహిళల జట్లు పెట్టిన కాలేజీలను పరిశీలిస్తే, వాటిలో 72 శాతం ఏ జట్టునూ రద్దు చేయకుండానే ఆ పని చేశాయని తేలింది. నూటికి డెబ్భై రెండు చోట్ల ఎవరి పొట్టా కొట్టకుండా సాధ్యమైన పని, మిగతా చోట్ల పొట్ట కొడితే తప్ప సాధ్యం కాదంటే అది చట్టం గొప్పదనమా, యాజమాన్యం ఎంపికా?

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకొకటి ఉంది. 1984లో గ్రోవ్ సిటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో టైటిల్ నైన్ క్రీడా విభాగాలకు వర్తించకుండా పోయింది. 1988లో పార్లమెంటు రీగన్ వీటోను తోసిపుచ్చి కొత్త చట్టం చేసేదాకా అదే పరిస్థితి. ఆ నాలుగేళ్లూ యూనివర్సిటీల మెడ మీద కత్తి లేదు. మహిళల జట్ల పేరు చెప్పి మగపిల్లల జట్లను తీసేస్తున్నారన్న వాదం నిజమైతే ఆ నాలుగేళ్లలో మగపిల్లల జట్లు నిశ్చింతగా ఉండాలి. జరిగింది తలకిందులు. ఈ వాదులు ఎప్పుడూ ముందుకు తెచ్చే కుస్తీనే తీసుకోండి. చట్టం నిద్రపోయిన ఆ నాలుగేళ్లలో 53 కుస్తీ జట్లు మూతపడ్డాయి. చట్టం మళ్లీ లేచి కూర్చున్న తర్వాతి పన్నెండేళ్లలో 56. నాలుగేళ్లలో పోయినన్ని పోవడానికి పన్నెండేళ్లు పట్టింది. కుస్తీ జట్ల వేటగాడు చట్టమే అయితే, వేటగాడు ఊళ్లో లేని రోజుల్లో వేట ఎందుకు ఎక్కువ సాగింది?

ఇక గోల్ఫ్ దగ్గరికి వద్దాం. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని బ్రౌన్ యూనివర్సిటీ 1991లో ఖర్చు తగ్గించుకోవాలంటూ నాలుగు జట్లకు నిధులు ఆపేసింది. మహిళల వాలీబాల్, మహిళల జిమ్నాస్టిక్స్, పురుషుల వాటర్ పోలో, పురుషుల గోల్ఫ్. రెండు ఆడ, రెండు మగ. చూడటానికి ధర్మరాజు పంపకంలా ఉంది. ఆడపిల్లలు కోర్టుకెక్కాక లెక్కలు బయటికొచ్చాయి. ఆడపిల్లల రెండు జట్లను ఆపితే మిగిలేది ఏడాదికి 62,028 డాలర్లు. మగపిల్లల రెండు జట్లను ఆపితే మిగిలేది 15,795 డాలర్లు. అందులో గోల్ఫ్ వాటా 6,545 డాలర్లు.

ఆ అంకె దగ్గర కాసేపు ఆగాలి. దేశంలోని సంపన్న విద్యాసంస్థల్లో ఒకటి, ఏడాదికి ఆరున్నర వేల డాలర్లు మిగుల్చుకోవడానికి తన గోల్ఫ్ జట్టును దాతల దయకు వదిలేసింది. ఆ ఆరున్నర వేలూ ఏ ఆడపిల్ల తీసుకుపోయింది? ఆ రోజే ఆడపిల్లల రెండు జట్లకు, మగపిల్లల రెండు జట్లకు పడినదానికి దాదాపు నాలుగింతల కోత పడింది. అప్పటికి ఆ యూనివర్సిటీ క్రీడాకారులు 894 మంది. వారిలో మగవాళ్లు 63.3 శాతం, ఆడవాళ్లు 36.7 శాతం. విద్యార్థుల్లో మాత్రం ఆడవాళ్లు 47.6 శాతం. కోతకు ముందూ తర్వాతా ఈ తేడా దాదాపు చెక్కుచెదరలేదు. కోహెన్ వర్సెస్ బ్రౌన్‌గా చరిత్రకెక్కిన ఆ కేసులో ఆడపిల్లలు గెలిచారు. 1996లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పును నిలబెట్టింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది, 1998లో రాజీ ఒప్పందం కుదిరింది. నాలుగు జట్లకు ఒకేసారి వేటు వేసింది యాజమాన్యం. ఆ వేటును ప్రశ్నించిన ఆడపిల్లలనే వేటు వేసినవాళ్లుగా చెప్పుకుంటున్నారంటే అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే.

నాలుగున్నరా ఆరూ అన్న స్కాలర్‌షిప్ లెక్కను చూద్దాం. నిజమే, మగపిల్లలకు ఒకటిన్నర తక్కువ. ఎందుకు తక్కువ? అదే యూనివర్సిటీలో మగపిల్లల పద్దులో అమెరికన్ ఫుట్‌బాల్‌కు 85 స్కాలర్‌షిప్పులు ఉండేవి కాబట్టి. ఆడపిల్లల వైపు అంత పెద్ద జట్టు ఏదీ లేదు. ఆ 85కు ఎదురుగా కొంతైనా తూకం నిలవాలంటే మహిళల టెన్నిస్‌కు 8, రోయింగ్‌కు 20, గోల్ఫ్‌కు 6 అని అక్కడక్కడా కలపవలసి వచ్చింది. ఫుట్‌బాల్ మైదానంలో ఒకేసారి దిగేది పదకొండుమంది. దాడికి ఒక దళం, కాపుదలకు ఒక దళం అనుకున్నా ఇరవై రెండు. డబ్బు కోసం ఆడే ఎన్ఎఫ్ఎల్ జట్లు 53 మందితో సీజన్ నెట్టుకొస్తాయి. చదువుకునే పిల్లల జట్టుకు 85 ఎందుకు? అందులో అయిదు తగ్గించి ఉంటే పురుషుల గోల్ఫ్‌కు రెట్టింపు కంటే ఎక్కువ స్కాలర్‌షిప్పులు దొరికేవి. ఫుట్‌బాల్ జట్టులో బెంచీ చివర కూర్చునేవాళ్లలో అయిదుగురి వాటా ఒక గోల్ఫ్ జట్టు మొత్తం వాటా కంటే ఎక్కువన్నమాట. ఈ ముక్క మాత్రం ఆ తీర్పులు చెప్పేవాళ్ల నోట రాదు.

ఫుట్‌బాల్‌కు ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. 1974లో టెక్సస్ సెనేటర్ జాన్ టవర్, ఆదాయం తెచ్చే క్రీడలను టైటిల్ నైన్ లెక్క నుంచి తప్పించాలంటూ సవరణ తెచ్చాడు. అది నెగ్గలేదు. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ 1976లో ప్రభుత్వం మీద దావా వేసి అదీ ఓడిపోయింది. చట్టాన్ని తప్పించుకోలేకపోయాక ఉన్న ఉపాయం ఒకటే, తన వాటా తగ్గకుండా చూసుకుని తగ్గింపును పక్క జట్ల మీదికి తోయడం. నోరులేని చిన్న జట్లు ఆ తోపుకు దొరికాయి. తొమ్మిది పదిమంది పిల్లలు, ఒక వ్యాను, ఒక కోచ్ ఉన్న గోల్ఫ్ అందులో ఒకటి. ఓక్లహోమాలోని తుల్సా యూనివర్సిటీ 2016లో పురుషుల గోల్ఫ్‌ను తీసేసింది. ఫుట్‌బాల్‌ను ముట్టుకోలేదు.

ఫుట్‌బాలే కదా డబ్బు తెచ్చేది, దాని సంపాదన దాని ఇష్టం అంటారు. పద్దులు చూసినవాళ్లు ఆ మాట అనరు. మొదటి శ్రేణి యూనివర్సిటీల్లో అత్యధికం క్రీడా విభాగాలు సొంత రాబడితో గట్టెక్కవు. విద్యార్థుల ఫీజులు, యూనివర్సిటీ నిధులు కలిపితేనే నిలబడతాయి. సంపాదన బాగా ఉన్న చోట ఆ డబ్బు ఎటు పోతుందో టెక్సస్ ఏ అండ్ ఎం చూపించింది. 2023 నవంబరులో ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసినప్పుడు, ఇక పని చేయనందుకు అతనికి ఆ యూనివర్సిటీ బాకీపడ్డ మొత్తం ఏడున్నర కోట్ల డాలర్లు దాటింది. బ్రౌన్ గోల్ఫ్ జట్టు ఒకప్పటి 6,545 డాలర్ల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. ధరలు ఎన్ని రెట్లు పెరిగాయనుకున్నా, ఎవరి వల్ల ఎవరికి లోటు వస్తోందో చెప్పడానికి ఆడిటర్ అక్కర్లేదు.

ఇప్పుడు ఎదుటివాళ్ల గట్టి వాదానికి వద్దాం. 2020 మే నెలలో బ్రౌన్ మళ్లీ కత్తి తీసింది. ఒకేసారి 11 జట్లను తొలగిస్తున్నట్లు ప్రకటించింది. వాటిలో పురుషుల పరుగు పందేల జట్లూ ఉన్నాయి. నల్లజాతి విద్యార్థులకు ఎక్కువ చోటున్న జట్లను తీసేస్తారా అని నిరసన లేచినప్పుడు, 1998 ఒప్పందంలోని ఆడా మగా నిష్పత్తిని యూనివర్సిటీ కారణంగా చూపింది. చూశారా, కోతకు కారణం చట్టమేనని వాళ్లే ఒప్పుకున్నారు అంటారు ఎదుటివాళ్లు. నిష్పత్తి అనే కొలత ఉన్నప్పుడు ఆడపిల్లలను పెంచి లెక్క సరిచేయవచ్చు, మగపిల్లలను తగ్గించీ సరిచేయవచ్చు. రెండోది చవక. ఆ చవక దారి పట్టిన యాజమాన్యాలు ఉన్నాయి. అంతకంటే సిగ్గులేని దారి కూడా ఉంది. మహిళల రోయింగ్ జట్టు జాబితాలో ఎప్పుడూ పడవెక్కని పేర్లు కలిపి అంకె పెంచడం. ఇవన్నీ జరిగాయి, కాదనను.

కానీ ఆ బ్రౌన్ జాబితానే పూర్తిగా చదవండి. తీసేసిన వాటిలో పురుషుల గోల్ఫ్ ఉంది, దాని పక్కనే మహిళల గోల్ఫ్ ఉంది. రెండూ ఒకే రోజు, ఒకే ప్రకటనలో పోయాయి. నిరసన ధాటికి పన్నెండు రోజుల్లో పరుగు పందేల జట్లు వెనక్కి వచ్చాయి. ఆ సెప్టెంబరులో ఆడపిల్లలతో కుదిరిన రాజీలో మహిళల గుర్రపు స్వారీ, ఫెన్సింగ్ జట్లు వెనక్కి వచ్చాయి. రెండు గోల్ఫ్ జట్లలో ఏదీ రాలేదు. మహిళల గోల్ఫ్‌ను బతికించడానికి పురుషుల గోల్ఫ్‌ను బలిచ్చారన్న కథకు ఇక్కడ చోటెక్కడ? రెండూ ఒకే గోతిలోకి పోతే, ఒకటి ఇంకొకదాన్ని తోసిందనడం ఎలా కుదురుతుంది?

అదే ఎండాకాలం న్యూ హాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కాలేజీ కూడా అయిదు జట్లు తీసేసింది. పురుషుల గోల్ఫ్, మహిళల గోల్ఫ్, పురుషుల ఈత, మహిళల ఈత, పురుషుల లైట్‌వెయిట్ రోయింగ్. దాదాపు 110 మంది పిల్లలు. 1899 నుంచి ఉన్న కాలేజీ సొంత గోల్ఫ్ కోర్సును కూడా మూసేసింది. లోటు బడ్జెట్, ప్రవేశాల్లో క్రీడాకారుల వాటా తగ్గించడం దానికి చెప్పిన కారణాలు. టైటిల్ నైన్ లెక్క సరిచూసుకున్నామనీ చెప్పింది. మగపిల్లలు వినతిపత్రాలు పెట్టారు, పూర్వ విద్యార్థులు ఉత్తరాలు రాశారు, కాలేజీ కదల్లేదు. అప్పుడు ఆడపిల్లల గోల్ఫ్, ఈత జట్లు ఒక న్యాయవాదిని పట్టుకుని, ఈ కోతతో మీరు టైటిల్ నైన్‌ను ఉల్లంఘిస్తున్నారు, కోర్టులో కలుద్దామని నోటీసు పంపాయి. కాలేజీ లెక్కలు మళ్లీ తీసింది. మొదట చూసుకున్న లెక్కలు పూర్తివి కాకపోవచ్చని ఒప్పుకుంది. 2021 జనవరి చివర్లో అయిదు జట్లనూ తిరిగి పెట్టింది.

చట్టం దన్నుతో అడిగింది మహిళల రెండు జట్లు. తిరిగొచ్చినవి అయిదు. వాటిలో మూడు మగపిల్లలవి. ఆ మూడింటినీ తిరిగి పెట్టాలని చట్టం పట్టుబట్టదు, అది కాలేజీ నిర్ణయం. అయితే మూసిన తలుపు తెరుచుకున్నది ఆడపిల్లల నోటీసు వల్ల. తెరిచాక మగపిల్లల్ని గుమ్మం బయట నిలబెట్టడం కాలేజీకి కష్టమైంది. జట్టు పోగొట్టుకున్న మగపిల్లలు విడిగా కోర్టుకెళితే ఏమవుతుందో ఇలినాయ్ యూనివర్సిటీ ఈతగాళ్ల కేసు 1994లోనే చూపింది, ఓడిపోయారు. విడిగా పోరాడినవాళ్లు ఓడారు, ఆడపిల్లల వెంట నిలిచినవాళ్లకు జట్టు దక్కింది. పురుషుల గోల్ఫ్ బాగు కోరేవాళ్లు ఎవరి పక్షాన ఉండాలో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అసలు ఆడపిల్లలకు అంత ఆసక్తి ఉందా అన్నది ఇంకో వాదం. కోహెన్ కేసులో బ్రౌన్ చెప్పుకున్నది కూడా ఇదే. ఆసక్తి గాలిలోంచి ఊడిపడదనీ, అవకాశం ఉంటేనే మొలకెత్తుతుందనీ కోర్టు దాన్ని కొట్టిపారేసింది. గోల్ఫ్ చరిత్ర కోర్టు పక్షాన ఉంది. మగపిల్లల కాలేజీ పోటీలు 1897లోనే మొదలయ్యాయి. ఆడపిల్లలకు తొలి కాలేజీ టోర్నమెంటు ఒహాయో స్టేట్‌లో జరిగింది 1941లో. ఎన్‌సీఏఏ వాళ్లకంటూ చాంపియన్‌షిప్ పెట్టింది 1982లో. ఎనభై అయిదేళ్లు వెనక బయల్దేరినవాళ్లను పట్టుకుని మీకు పరుగు మీద మనసు లేదంటే ఎలా?

న్యూ మెక్సికోలోని రాస్వెల్‌లో కార్ల మరమ్మతు షెడ్డు నడుపుకునే డొమింగో లోపెజ్ కూతురు నాన్సీ. హైస్కూల్లో ఆడపిల్లలకు గోల్ఫ్ జట్టు లేక మగపిల్లల జట్టులో ఆడింది, ఆ జట్టును రాష్ట్ర చాంపియన్‌గా నిలబెట్టింది. తర్వాత తుల్సా యూనివర్సిటీ తరఫున 1976లో కాలేజీ టైటిల్ గెలిచింది. 1978లో వృత్తి ఆటగత్తెగా మొదటి పూర్తి సీజన్‌లోనే 9 టోర్నమెంట్లు, అందులో 5 వరసగా గెలిచింది. ఆసక్తి లేనిది ఆమెకా, జట్టు పెట్టని స్కూలుకా? మన కాలంలో స్టాన్‌ఫర్డ్ అమ్మాయి రోజ్ జాంగ్ 2022లోనూ 2023లోనూ జాతీయ వ్యక్తిగత టైటిల్ గెలిచింది. ఆడపిల్లల్లో రెండుసార్లు గెలిచింది ఆమే మొదట. రెండు సీజన్లలో 12 విజయాలతో ఆ యూనివర్సిటీలో టైగర్ వుడ్స్ పేర ఉన్న 11 విజయాల రికార్డు దాటింది. అదే జట్టులో 2021 చాంపియన్ రేచల్ హెక్ చదువుతోపాటు వైమానిక దళ అధికారి శిక్షణ పూర్తి చేసి, ప్రొఫెషనల్ కానని చెప్పి అమెచ్యూర్‌గానే ఉండిపోయింది. యూనివర్సిటీ జట్టు అంటే ప్రొఫెషనల్ టూరుకు నర్సరీ మాత్రమే అనుకునేవాళ్లు ఆమె కథ చదవాలి.

డబ్బున్నవాళ్ల ఆట కదా, పోతే పోనీ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఒక్క మాట. గోల్ఫ్ ఖరీదైన ఆటే. క్లబ్బు సభ్యత్వం లేని ఇంటి పిల్లకు మంచి కోర్సు మీద నాలుగేళ్లు రోజూ ఆడే వీలు ఉచితంగా దొరికేది యూనివర్సిటీ జట్టులోనే. జట్టు తీసేస్తే డబ్బున్నవాడి క్లబ్బు అలాగే ఉంటుంది, మెకానిక్ కూతురి దారి మూసుకుపోతుంది. నల్లజాతి విద్యార్థులకు పేరెన్నికగన్న వాషింగ్టన్ హోవర్డ్ యూనివర్సిటీలో 1970ల తర్వాత గోల్ఫ్ జట్టు లేకుండా పోయింది. అక్కడి ఒక విద్యార్థి అడిగితే బాస్కెట్‌బాల్ తార స్టీఫెన్ కర్రీ 2019లో ఆరేళ్ల నిధులు ప్రకటించాడు. మగపిల్లలకు ఒకటి, ఆడపిల్లలకు ఒకటి, రెండు జట్లూ ఒకేసారి మొదలయ్యాయి. ముందు ఎవరికన్న ప్రశ్నే అక్కడ పుట్టలేదు.

ఇక మనవాళ్ల ఉదాహరణ. హైదరాబాదు నుంచి వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల చదివింది మాలిబూలోని పెప్పర్‌డైన్ యూనివర్సిటీ. మణికట్టు ఆపరేషన్‌తో 2018-19 సీజన్ మొత్తం ఆడలేకపోయాడు. జట్టు అతన్ని వదులుకోలేదు. 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని మూడు పెద్ద అవార్డులు, హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లాస్, మూడూ అతనికే వచ్చాయి. 2023లో నాపాలో జరిగిన ఫార్టినెట్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి విజయం అందుకున్నాడు. అతను వెళ్లిపోయిన మరుసటి ఏడాది, 2021లో, పెప్పర్‌డైన్ పురుషుల జట్టు జాతీయ చాంపియన్ అయింది. ఇప్పుడు ఆ యూనివర్సిటీ స్వరూపం చూడండి. విద్యార్థుల్లో ఆడపిల్లలే ఎక్కువ. మహిళల గోల్ఫ్ జట్టూ ఉంది. ఎదుటివాళ్ల సిద్ధాంతం ప్రకారం అక్కడ పురుషుల గోల్ఫ్ అందరికంటే ముందు చచ్చిపోవాలి. అక్కడ లేనిది ఒక్కటే, ఫుట్‌బాల్ జట్టు. దాన్ని 1961లోనే తీసేశారు.

పాత ఫిర్యాదుకు ఇప్పుడు కాలం కూడా చెల్లింది. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్, ఎన్‌సీఏఏ మీద కాలేజీ ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీని ఆమోదించడంతో, ఆ ఏర్పాటులో చేరిన యూనివర్సిటీల్లో స్కాలర్‌షిప్ పరిమితులు పోయి జట్టుకు ఇంతమంది అన్న పరిమితి వచ్చింది. గోల్ఫ్‌లో మగపిల్లలకు 9, ఆడపిల్లలకు 9. నాలుగున్నరా ఆరూ అన్న తేడా చెరిగిపోయింది. ఫుట్‌బాల్‌కు 105. దాంతోపాటు ఒక్కో యూనివర్సిటీ 2025-26లో 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. పాత ఆటగాళ్లకు ఇచ్చే 280 కోట్ల డాలర్ల పరిహారంలో సింహభాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ వాళ్లకే. పంపకం అన్యాయమంటూ అప్పీలు చేసింది మళ్లీ ఆడపిల్లలే. ఈ కొత్త ఖర్చు ఎక్కడి నుంచి తేవాలా అని క్రీడా డైరెక్టర్లు వెతుకుతున్నారు. రేపు గోల్ఫ్ జట్లు పోతే ఆ కోత ఈ రెండు కోట్ల కోసం పడినదే అవుతుంది. అప్పుడు కూడా మన నోట టైటిల్ నైన్ అనే వస్తే, మనకు లెక్కలు రాకనా, చూడటం ఇష్టంలేకనా?

ఇలాంటి నింద మనకు కొత్తకాదు. 2018 నుంచి ఐఐటీల్లో అమ్మాయిలకు ఇస్తున్న సీట్లు ఉన్నవాటి మీద అదనంగా కలిపినవి. అబ్బాయిల సీటు ఒక్కటీ తగ్గలేదు. అయినా మావాడి సీటు ఆడపిల్ల ఎగరేసుకుపోయిందని వాపోయేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. ఆ అలవాటునే విమానమెక్కించి పట్టుకెళ్లి గోల్ఫ్ కోర్సు మీద దించుకున్నాం.

అమెరికాలో 1994 నాటి చట్టం ఒకటి ఉంది. ఫెడరల్ సాయం తీసుకుని క్రీడా జట్లు నడిపే ప్రతి కాలేజీ, ఏ జట్టులో ఎందరున్నారో, ఆడవాళ్ల క్రీడలకు ఎంత, మగవాళ్ల క్రీడలకు ఎంత, ఫుట్‌బాల్‌కు ఎంత ఖర్చు పెడుతోందో ఏటా బయటపెట్టాలి. ఆ లెక్కలు ఎవరైనా చూడవచ్చు. కొడుకును గోల్ఫ్ జట్టులో చేర్చాలనుకునే తండ్రి కోచ్ పేరు కంటే ముందు ఆ పద్దు చదవాలి. ఫుట్‌బాల్‌కు ఎంత పోతోందో, మహిళల జట్టు ఎంత గట్టిగా ఉందో చూడాలి. మహిళల జట్టు గట్టిగా ఉన్న చోట కొడుకు జట్టుకు కూడా పూచీ ఎక్కువ. జట్టు రద్దయిందన్న వార్త వచ్చిన రోజున అబ్బాయి తండ్రి చేయవలసిన మొదటి పని ఆ పక్క జట్టులోని అమ్మాయి తండ్రికి ఫోను చేయడం. కోర్టులో చెల్లే హక్కు ఉన్నది ఆ అమ్మాయి చేతిలో. ఆ ఫోను మానేసి చట్టాన్ని తిడుతూ కూర్చునేవాడు తన కొడుకు జట్టును కాపాడుకోలేడు. ఫుట్‌బాల్ పద్దుకు జీతం లేని కాపలా కాస్తుంటాడు.